వైకింగ్ నాయకుడి చుట్టూ నా ప్రదక్షిణ

నా వల్ల ఒక యుద్ధనౌక బురదలో కూరుకుపోయింది. నవ్వకండి, అందులో శవం కూడా ఉంది.

మలేషియాలో మేముండే పోర్ట్ క్లాంగ్ దగ్గర సముద్రపొడ్డున విదేశీయులెవరో వైకింగుల సినిమా తీస్తున్నారు. వైకింగులంటే పడవలెక్కి వచ్చి దేశాల మీద పడే పాతకాలపు ఉత్తరాది యోధులు. వాళ్ళతో చేరిన తూర్పుదేశపు పండితుడి వేషానికి మనిషి కావాలంటే, ఆ యూనిట్‌లో పనిచేసే మా మేనకోడలు సుజాత నన్ను తీసుకెళ్ళింది. తెలుగు సంఘంలో పద్యాలు పాడే నా గొంతు నచ్చిందని మురిసిపోయాను గానీ, వాళ్ళకి నచ్చింది నా గడ్డం. నేను గోడౌన్ గుమాస్తాని. పట్టుబట్ట కట్టేసరికి నా మీద నాకే గౌరవం పుట్టింది.

ఆరోజు వైకింగ్ నాయకుడి అంత్యక్రియలు. పడవలో ఆయన్ని పడుకోబెట్టి నీళ్ళలోకి తోస్తారు. నేను కదలకుండా నిలబడాలి, అంతే. సముద్రపు పోటు తగ్గి నీళ్ళు వెనక్కి పోయేలోగా ముగించాలని సుజాత మరీమరీ చెప్పింది.

పడవలోని ముసలి నటుణ్ణి చూశాను. తెల్లగడ్డం, ఛాతీ మీద చేతులు. కోవిడ్‌లో మా నాన్న పోయినప్పుడు మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. చితి చుట్టూ తిరగాల్సిన కొడుకుని, ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

నా కాళ్ళు వాటంతటవే కదిలాయి. ఏడుస్తూ పడవ చుట్టూ తిరగసాగాను. వెనక అడుగుల చప్పుడైతే చూశాను. గొడ్డళ్ళు భుజాన వేసుకున్న ఆ భీకర యోధులంతా తలలు వంచుకుని నా వెంటే వస్తున్నారు. అది కథలో ఉందనుకున్నారట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆరోజు ఊరంతా ఉలిపికట్టె వెంటే నడిచింది. ఎన్ని చుట్లు తిరిగామో తెలీదు గానీ, ఆగేసరికి సముద్రం వెనక్కి పోయింది.

"ఏటి సేసినావు మావయ్యా? పడవింక కదల్దు," అంది సుజాత.

"నాన్న గుర్తొచ్చినాడమ్మా."

ఆయన తనకి తాతయ్య. సుజాత బురదలోకి దిగి పడవకి భుజం ఆనించింది. యోధులూ దిగారు. చివరికి శవం కూడా లేచి వచ్చి తోసింది. పడవ మాత్రం కదల్లేదు.

ఒళ్ళంతా బురదతో ఆ ముసలాయన నా పక్కన కూర్చుని మా నాన్న పేరు అడిగాడు. సరిగ్గా పలకడం వచ్చేదాకా మళ్ళీమళ్ళీ చెప్పించుకున్నాడు.

అప్పుడే ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట పరాయి శవానికి ప్రదక్షిణ చెయ్యను. తప్పనిసరైతే, ముందు పోటు వేళ కనుక్కుంటాను.