మన ఎద్దు

ఊరూరా ఉమ్మడి సేద్యపు సంఘాలు పెట్టమంటున్న రోజులవి. జమ్మలమడుగులో బస్సు కదిలిందో లేదో నేను కోతలు కోయడం మొదలుపెట్టాను.

"మా ఊరి సంఘం ఎద్దుకు మెంబర్లందరి పేర్లూ నోటికొచ్చు. మేత ఎవరి వంతైతే వాళ్ల వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలుస్తాది!"

బస్సంతా నవ్వింది, నా పక్కనున్న పెద్దాయన తప్ప. ఆయన ఒళ్లో ఎద్దు మెడగంట ఉంది. బస్సు ఎగిరినప్పుడల్లా అది మోగకుండా గంట నాలుకను వేళ్లతో పట్టుకుంటున్నాడు.

"మాది పిలవల్యాప్పా," అన్నాడు.

"ఏమాయె మామా?"

"జీతానికున్నప్పుడు ఆసామి తంతాడని ఆయన ఎద్దులకు నీళ్లు పెడతాంటి. సొంతానికి ఒకటి కొనుక్కున్నాక, నేను తాగకముందే దానికి పెడతాంటి. సంఘంలో చేర్చినాక అది మన ఎద్దైపాయె. ఎండలో కట్టేసినారు. ఎవురో పెట్టింటార్లే అనుకున్యారు అందరూ. పొద్దుగూకి చూస్తే నాలుక బయటేసి పడుండాది."

"అంతమందిలో ఒక్కరికన్నా తోచల్యా మామా?"

"నేనూ ఆడనే ఉంటినప్పా. నేనూ అట్లే అనుకుంటి."

ప్రొద్దుటూరు దాకా నాకు ఒక్క అబద్ధమూ తోచలేదు. ఆయన గంట నాలుక వదలకుండానే బస్సు దిగిపోయాడు.

ఇల్లు చేరగానే బర్రెకు నీళ్లు పెట్టారా అని అడిగాను.

"ఎవురో పెట్టింటార్లే," అంది మా ఆవిడ వంటింట్లోంచి.

చెప్పులు విప్పకుండానే బొక్కెన అందుకుని బావి దగ్గరికి నడిచాను.