ఎడమ బొటనవేలు వాలిన చోటు

మా మావయ్య పోయారని అత్త ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో గేమ్ కంట్రోలర్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. "పొద్దున టీ తాగి అరుగు మీద కూర్చున్నారమ్మా. అలాగే ఒరిగిపోయారు" అంది. ఆ రోజు మళ్ళీ కంట్రోలర్ ముట్టబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. చెప్పకపోతే ఈ నాలుగు మాటలు రాయడం దండగ.

మావయ్య యానాం దగ్గర పడవలకి తెడ్లు చెక్కేవారు. ఇంజన్లు వచ్చాక కూడా వేటకెళ్ళేవాళ్ళు ఒక తెడ్డు దగ్గరుంచుకుంటారు, అది ఆయన చెక్కిందే కావాలంటారు. ఎంత దగ్గర చుట్టమైనా ముందు కళ్ళు మూసుకుని కర్ర పట్టుకోవాల్సిందే. బొటనవేలు వాలిన చోట బొగ్గుతో గీత గీసి, అక్కడ చిన్న గుంట తీసేవారు. "కళ్ళు తెరిచుంటే చెయ్యి మొహమాటపడుద్దండి. మూసుకుంటే నిజం చెప్పుద్ది" అనేవారు. ఒకాయన అలాగే కునుకు తీస్తే, లేపకుండా గీత గీసుకున్నారట.

రెండేళ్ళ క్రితం మేం తయారుచేస్తున్న కంట్రోలర్ ఒకటి ఆయనకి చూపించాను. బొటనవేళ్ళతో అటూ ఇటూ కదిపే దాని స్టిక్కులు రెండూ కిందికి, మధ్యకి దగ్గరగా ఉండేవి. గంట ఆడేసరికి ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి వస్తోంది. ఆ స్టిక్కుని పైకి జరపాలని మాకూ తెలుసు. ఎంత పైకి, ఎంత పక్కకి అన్నదే తేలక నెలల తరబడి కొట్టుకుంటున్నాం.

"ఏ వేలు ఏం చేస్తదమ్మాయ్?" అని అడిగారు.

"ఎడమ వేలు ఎప్పుడూ స్టిక్కు మీదే ఉంటుంది మావయ్యా. కుడి వేలు ఎక్కువగా బటన్లు నొక్కుతుంది, అప్పుడప్పుడు స్టిక్కు మీదికొస్తుంది."

"మరి ఎప్పుడూ కూర్చునేవాడికి పీట దూరంగా వేశారేంటి? దూరం వెయ్యాల్సింది వచ్చిపోయేవాడికి కదా." కళ్ళు మూసుకుని పట్టుకున్నారు. వేలు వాలిన చోట బొగ్గు గీత పెట్టేశారు. ఆఫీసు వస్తువు పాడుచేశారని విసుక్కున్నాను కూడా.

వారం తిరక్కుండా ఆఫీసులో అందరి చేతా కళ్ళు మూయించాను. గీతలు ఇంచుమించు ఒక్కచోటే పడ్డాయి. స్టిక్కు అక్కడికి జరిగింది, నొప్పి తగ్గింది. ఈ ఆలోచన ఎలా వచ్చిందని మా పైఅధికారి అడిగితే, "గమనిస్తూ ఉంటే వచ్చిందండి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. తెడ్లు చెక్కే మావయ్య చెప్పారంటే నవ్వుతారని భయపడ్డాను. పేరు పంచుకోవాల్సి వస్తుందని అంతకన్నా ఎక్కువ భయపడ్డాను.

తయారయ్యాక ఒకటి ఆయనకి పంపాను. మర్నాడే ఫోన్ చేశారు.

"కళ్ళు మూసుకుని పట్టుకున్నానమ్మాయ్. వేలు వెతుక్కోలేదు. ఇది చేసినాయనెవరో గానీ పని తెలిసినోడు. నేను మెచ్చుకున్నానని చెప్పు."

అది తను పెట్టిన గీతేనని ఆయనకి తట్టలేదు. తనకి తెలిసింది పని చేసే ప్రతివాడికీ తెలుసుననే అనుకునేవారు ఆయన. ఆ చేసినాయన మీరేనని ఒక్క ముక్క అంటే సరిపోయేది. "చెప్తాను మావయ్యా" అన్నాను.

ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి ఆదివారం మాట్లాడుకున్నాం. ఒకసారి రేవులో నిలబడి ఫోన్ చేసి, "ఆయనతో చెప్పావా?" అని మావయ్యే అడిగారు.

"చెప్పాను మావయ్యా. చాలా సంతోషించారు."

ఫోన్ కట్ చేయడం మరిచిపోయారు. పక్కనున్న ఎవరితోనో, "ఆయనకి నా మాట అందిందంట" అంటున్నారు. తర్వాత ఏదో పడవ బయల్దేరింది. దాని ఇంజన్ చప్పుడు దూరమై వినపడకుండా పోయేదాకా నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను.