మూత కింద నన్నారి

నేను మోటార్లకు వైండింగ్ చేసే మనిషిని. కర్నూలులో చిన్న షాపు, ముప్పై ఏళ్లుగా అదే పని. కాలిపోయిన రాగి తీగ ఊడబెరికి కొత్తది చుట్టాలంటే చేతికి నిలకడ ఉండాలి. నా చేతులకు ఉంది, మిగతా ఒంటికే లేదు. అన్నం తింటూ తింటూ లేచి వీధిలోకి తొంగిచూసి వస్తాను. పెళ్లికి పోతే తలంబ్రాలు పడేలోపు మూడుసార్లు బయటికి పోతాను. నా కాళ్ల కింద ఎవరో నిప్పులు పోసి మరిచిపోయారని మా ఆవిడ అంటుంది.

అలాంటి నాకు వారం రోజులు ఎదురుచూడాల్సిన పని పడింది. మా ఆవిడ రొమ్ములో గడ్డ తగిలింది. డాక్టరమ్మ చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. అది మంచి గడ్డో చెడ్డ గడ్డో వారానికి తేలుతుందని చెప్పింది. రిపోర్టు రాగానే ల్యాబువాళ్లు ఫోన్ చేస్తామన్నారు. నా ఫోను ఎప్పుడూ ఏదో ఒక మోటారు కింద పడి ఉంటుంది కాబట్టి మా ఆవిడ నంబరే ఇచ్చాం.

మా వైపు ఏ జబ్బు వచ్చినా మొదట అనే మాట వేడి చేసిందని. కళ్లు మండినా వేడే, జుట్టు ఊడినా వేడే. మేమిద్దరం ఇన్నేళ్లుగా తాగిన టీల వేడంతా చేరి ఆమె ఒంట్లో గడ్డ కట్టిందని నేను తీర్మానించేశాను. అదేమీ కాదని డాక్టరమ్మ విడమరిచి చెప్పినా నా తలకెక్కలేదు. వేంపల్లెలో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేశాను. అతను నన్నారి వేర్లు ఒక సంచిలో కట్టి బస్సులో పంపాడు. ఒళ్లు చల్లబడుతుంది, మనసు కుదుటపడుతుంది, టీ మాని ఇద్దరూ ఇది తాగండి అన్నాడు. డాక్టరమ్మను అడిగితే, తాగితే తాగండి కానీ గడ్డకూ దానికీ సంబంధం లేదంది. తాగమన్నంత మటుకే నాకు వినిపించింది.

నన్నారి అంటే నాకు తెలిసింది ఎండాకాలం బండి మీద నిమ్మకాయ పిండి, సోడా కొట్టి ఇచ్చే షర్బతే. వేడివేడిగా ఎలా చేస్తారో తెలియదు. అయినా అడిగితే నేను నేనెందుకవుతాను. టీ కాచినట్టే కాచాను. మూడు పొంగులు రానిచ్చాను, రంగు దిగేదాకా మరగబెట్టాను, గరిటెతో ఎత్తి పోశాను. ఇల్లు దాటి వీధి మలుపు దాకా కమ్మటి వాసన. గ్లాసులో పోసుకుంటే మాత్రం గోధుమరంగు నీళ్లు. నోట్లో వగరు, మింగాక చేదు. మా ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"వాసనంతా వీధికి పంచినావు. మనకు కట్టె నీళ్లు మిగిలినాయి" అంది.

తర్వాత ఆమే నేర్పింది. వేరును రోకలితో చితకగొట్టాలి. నడుమ ఉన్న గట్టి పుల్ల తీసేసి బెరడు మాత్రం గిన్నెలో వేయాలి. నీళ్లు విడిగా కాగబెట్టి, దించి, పొంగు అణిగాక దాని మీద పోయాలి. పోసిన వెంటనే మూత పెట్టాలి. పది నిమిషాలు ఆ మూత తీయకూడదు.

వేర్లు చితకగొట్టడం నాకు బాగానే వచ్చింది. పుల్ల తీయడం తీగ లాగడం కంటే సులువు. ఆ పది నిమిషాలే నా వల్ల కాలేదు. రెండు నిమిషాలకు మూత ఎత్తి రంగు చూసేవాణ్ణి. ఇంకో నిమిషానికి వాసన చూసేవాణ్ణి. ఆ మధ్యలో గేటు దాకా పోయి వచ్చేవాణ్ణి. అలా చేసింది ఆమెకొక గ్లాసు ఇచ్చి, నాది నిలబడే తాగి, ల్యాబు దగ్గరికి పోయేవాణ్ణి. వస్తే మేమే ఫోన్ చేస్తాం కదా సార్ అని మొదటి రోజు మర్యాదగా చెప్పారు. నాలుగో రోజు నన్ను చూడగానే తల అడ్డంగా ఊపారు.

ఆమె మాత్రం చాటలో వేరుశనక్కాయలు పోసుకుని ఒలుచుకుంటూ కూర్చునేది. నేను చెడగొట్టిన నన్నారి మారుమాట లేకుండా తాగేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. గడ్డ ఆమెకా, నాకా? ఈమెకు గుండె ఉందా, లేక అక్కడా వేరుశనక్కాయే ఉందా అని లోపల లోపల తిట్టుకున్నాను కూడా.

ఆరో రోజు పొద్దున నేను మూత ఎత్తి చూస్తుండగా ఆమె ఫోన్ మోగింది. వాకిట్లోకి పోయి రెండు మాటలు మాట్లాడి వచ్చింది. ఎవరని అడిగితే మా తమ్ముడంది. కాసేపాగి, కోసిగి అవతల పల్లెలో ఒక రైతు బోరు మోటారు బాగుచేసి ఉంచావు కదా, పోయి బిగించి రారాదా అంది. నువ్వు ఇంట్లో తిరుగుతుంటే నాకు ఊపిరాడటం లేదని కూడా అంది. నాకు పౌరుషం వచ్చింది. మోటారు ఆటోలో వేసుకుని బస్టాండుకు పోయాను.

కోసిగి అవతల ఆ పల్లెలో సగం ఇళ్లకు తాళాలు. మిరపకోతల కూలికి వేరే జిల్లాలకు, సుగ్గికి పోయారట. మోటారు బిగించి, వైర్లు కలిపి, స్విచ్ వేస్తే గుర్రుమంది కానీ పైపులోంచి చెంబెడు నీళ్లు కూడా సరిగా రాలేదు. రెండు ఫేజులు తారుమారుగా ఇచ్చాను. మోటారు వెనక్కి తిరుగుతోంది. పని నేర్చుకునే మొదటి నెలలో చేసే తప్పు అది.

ఆ రైతు నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "ఏమప్పా, నీళ్లు కిందికి తోడుతాండావా?" అన్నాడు.

నవ్వాను కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. వైర్లు మార్చి, వాళ్లిచ్చిన టీ వద్దనలేక తాగి, సాయంత్రానికి ఇల్లు చేరాను. ఆమె కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టింది. ల్యాబు నుంచి ఫోన్ వచ్చిందా అంటే, వస్తే చెప్తా తిను అంది.

మర్నాడు పొద్దున చెప్పులు వేసుకుంటుంటే, ల్యాబుకు తర్వాత పోదువు, ఈరోజు నన్నారి నేను పెడతానంది. నడవలో చాప వేసింది. వేర్లేసిన గిన్నె మా ఇద్దరి మధ్య పెట్టి, కాగిన నీళ్లు పోసి, మూత పెట్టింది. ఆ మూత మీద తన అరచెయ్యి పెట్టింది.

"మూత తియ్యాకు. నేను చెప్పేది అయిపోయేదాకా లేవాకు" అంది. నేను కూర్చున్నాక, "రిపోర్టు నిన్ననే వచ్చినాది" అంది.

నేను సగం లేచాను.

"కూచోప్పా."

కూర్చున్నాను. ఆమె గిన్నె వైపే చూస్తూ చెప్పింది. నిన్న పొద్దున ఫోన్ చేసింది తమ్ముడు కాదు, ల్యాబువాళ్లట. నన్ను కోసిగికి పంపి, ఒక్కతే ఆటోలో పోయి రిపోర్టు తీసుకుందట. అది పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికీ ఒక్కతే పోయిందట. గడ్డ మంచిది కాదు. కానీ చిన్నగా ఉండగానే దొరికింది. ముందు ఆపరేషన్, ఆ తర్వాత చాలా నెలలు మందులు. రాత్రి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్దామనే ఉంటి. నువ్వొచ్చిన గడియలో నాలుగు తూర్లు గేటుకాడికి పోయొస్తివి. నాకు శానా భయంగా ఉండాదిప్పా. భయపడనీకె పక్కన కుదురుగా ఒక మనిషన్నా కావల్ల గదా."

నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గంటే, తల ఎత్తి ఆమెను చూడలేకపోయాను. ఇంట్లో ఉన్న భయమంతా ఆ వారం నేనే వాడేసుకున్నాను. ఆమె వంతు కూడా మిగల్చలేదు. అది దొరక్కనే ఆమె వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. నేను దాన్ని నిబ్బరం అనుకున్నాను, తిట్టుకున్నాను.

అప్పుడు ఆమె ఏడ్చింది. ఆ ఏడుపుకు మూత గిన్నె అంచుకు తగిలి టకటకమంది. నాకు లేవాలనిపించింది. నీళ్లు తేవాలి, బావమరిదికి ఫోన్ చేయాలి, రిపోర్టు చూడాలి, ఎక్కడికో ఒక చోటికి పోవాలి. కాళ్లు లాగేస్తున్నాయి. మూత మీద ఉన్న ఆమె చేతి మీద నా చెయ్యి పెట్టి, చాప మీదే ఉండిపోయాను.

పది నిమిషాలు ఎప్పుడు దాటాయో మాకు తెలియదు. మూత తీస్తే ఆవిరి లేదు. వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు, గిన్నెలోనే ఉంది. రెండు గ్లాసుల్లో పోశాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఒక గుక్క తాగింది.

"ఈ పొద్దు బాగా దిగినాది" అంది.

ఆమె మెల్లగా తాగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను లేవలేదు.