గుహలో రెండు దెబ్బలు

అన్నం ముందు కూర్చుని అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, మధ్యలో మాత్రం వద్దు. ఇది పోయిన ఏడాది, పట్టపగలు పదకొండు గంటలకు మొదలైంది. అయినా అంత పొడుగు రాత్రిని నేను ఇంకోటి చూడలేదు.

నా పని మీకు తెలుసుగా... గుహల్లోకి దిగి, కొలతలు తీసుకుని, పటం గీయడం. ఇది బనగానపల్లె దాటాక, సున్నపురాయి నేల కింద ఉన్న గుహ. జట్టుకు పెద్దను నేనే. వెంట ఇద్దరు. తాళ్లు చూసుకునే దావీదు, కుర్రతనం వదలని ముప్ఫై ఏళ్లవాడు, నన్ను అక్కా అంటాడు. రెండో మనిషి ఓబులేసు. నాపరాళ్ల గనిలో వెంట్రుకలు నెరిసినవాడు. బండను ఒక్కసారి తట్టి, లోపల పగులుందో లేదో చెప్పేస్తాడు.

పొద్దున్నే మబ్బు పట్టింది. వాన సూచన ఉంటే దిగకూడదు. ఆ నియమాల కాగితం రాసిందే నేను. కానీ మాది కోడుమూరు, వానకు మొహం వాచిన ఊరు. మబ్బును చూసి మురిసిపోవడమే తప్ప భయపడటం మా ఇంటా వంటా లేదు.

"వస్తే రానీ మేడం, సెనక్కాయ చేన్లు ఎండిపోతాండాయి," అన్నాడు ఓబులేసు.

ముగ్గురం ఆకాశానికి దండం పెట్టి మరీ దిగాం. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

రెండు గంటలు లోపలికి పోయాక... గాలి చల్లబడింది. తర్వాత ఒక చప్పుడు. ఎవరో దూరంగా గోనెసంచి ఈడుస్తున్నట్టు. వెనక్కి చూస్తే, మేం పాకి వచ్చిన ఇరుకు దారిలోంచి నీళ్లు! ఎర్రటి నీళ్లు. చూస్తుండగానే దారి మునిగిపోయింది.

గదిలాంటి చోట ఒక ఎత్తైన బండ ఉంటే ఎక్కి కూర్చున్నాం. బ్యాటరీలు మిగలాలని దీపాలన్నీ ఆర్పించాను. చీకట్లో దావీదు ప్రార్థన గొణుగుతున్నాడు.

"అక్కా, బయట పడతామా?"

పెద్దగా ఉన్నవాళ్లు ఇలాంటప్పుడు ధైర్యం చెప్పాలంటారు. నాకు అబద్ధం నోట రాలేదు.

"తెలీదప్పా. ముగ్గురం ఒక్క తావునే ఉందాం."

ఇద్దరినీ దింపింది నేను. ఒక్కరు తక్కువైనా వాళ్ల ఇంటి గడప ఎట్లా తొక్కాలి?

అప్పుడు ఓబులేసు సుత్తి తీసి బండ మీద కొట్టాడు. టక్... టక్... టక్.

"ఏందన్నా అది?"

"గనిలో మా సైగ మేడం. కింద మనుషులు ఉండారని పైనోళ్లకు తెల్సేదానికి."

ఎక్కడో చుక్క పడింది. దావీదు పళ్లు కటకటలాడుతున్నాయి. నేను ఊపిరి బిగబట్టాను...

టక్... టక్.

రెండే.

ప్రతిధ్వని అనుకుందామంటే మూడు రావాలి కదా! పైగా అది వచ్చింది కుడివైపు నుంచి. అటు పైకి ఎక్కే సన్నటి చీలిక ఒకటుంది. మేమింకా కొలవనిది. దీపం వెలిగించి అటు తిప్పాను. ఏమీ లేదు. నిజం చెప్పనా, భయం కంటే తెలుసుకోవాలన్న యావే ఎక్కువైంది నాకు. మళ్లీ కొట్టమన్నాను. మూడు. కాసేపటికి... రెండు. ఈసారి ఇంకా దగ్గరగా. ఇనుము రాతికి తగిలిన చప్పుడే, అనుమానం లేదు.

"రెండంటే ఏమన్నా?"

ఓబులేసు తన కాళ్లకేసి చూసుకున్నాడు. ఆయన బండ అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నాడు.

"రమ్మంటాండారు మేడం."

తెలియని చీలికలోకి జట్టును తీసుకుపోకూడదు. అదీ నా కాగితంలో ఉన్నదే. ఆయన ముఖం చూశాను. "పాండి," అన్నాను.

తాడు కట్టుకుని పాకాం. మేం కదిలాక చప్పుడు ఆగిపోయింది. పైన పొడినేల తగిలింది, గాలి ఆడుతోంది. వెనక్కి దీపం వేస్తే... మేం కూర్చున్న బండ లేదు. అంతా నీళ్లే.

ఆ చీలిక ఇంకో పది అడుగుల్లో మూసుకుపోయింది. నలుమూలలా తడిమాను. పిల్లి దూరే సందు కూడా లేదు. నీళ్లు దిగేదాకా అక్కడే ఉండి, వచ్చిన దారినే బయటికి వచ్చేసరికి మరునాటి ఎండ. మాకోసం కాచుకున్న ఊరివాళ్లను అడిగాను. ఎవరూ ఎక్కడా సుత్తి పట్టలేదన్నారు.

ఆ రాత్రి ఊళ్లో, దావీదు నిద్రపోయాక ఓబులేసు నా పక్కన కూర్చున్నాడు.

"తప్పు సెప్పినా మేడం. గనిలో రమ్మనాలంటే ఒక్క దెబ్బే."

"మరి రెండు?"

"ఆగు, కదలొద్దని."

నేను ఆయన వైపు తిరిగాను.

"నా కాళ్లకు నీళ్లు తగుల్తాండె. ఆ మాట అంటే దావీదు బెదిరి నీళ్లలోకి దూకుతాడు. ఆగమన్నారని నిజం సెప్తే మీరు ఆగుతారు. అందుకే ఆ మాట."

అంటే ఆ రోజు జట్టును నడిపింది నేను కాదు, ఆయనే. సిగ్గేసింది, దండం పెట్టాలనీ అనిపించింది. ఆగమన్నది మమ్మల్ని ముంచాలనా? లేక ఆ చీలికలో మా కంటికి ఆననిది ఏదో ఉండి, రావద్దందా? ఎన్నిసార్లు తిరగేసినా తేలడం లేదు.

ఓబులేసు లేవబోతూ ఆగాడు.

"అది సరే మేడం... మా గని సైగ దానికి ఎవురు నేర్పించినారు?"