నాంచారయ్య ఊరికి బురద మీద పడవలో

మా అమ్మ తనంతట తాను నిర్ణయించుకుని చేసిన దూరప్రయాణం ఒక్కటే. అది తీర్థయాత్ర కాదు. ఎనభైల్లో ఒక జనవరి నెలాఖరున, దివిసీమ చివర సముద్రం ఒడ్డునున్న ఒక పల్లెకి, మా తోటలో కావలి ఉంటూ చనిపోయిన నాంచారయ్య అనే మనిషి వార్త అతని భార్యకి చెప్పడానికి వెళ్ళింది. తోడు నేను వెళ్ళాను. అప్పటికి నా డిగ్రీ అయిపోయి నాన్న దగ్గర షాపులో కూర్చుంటున్నాను. చలికాలంలో ఆ తీరానికి వెళ్ళాలనుకునేవాళ్ళు నన్ను దారి అడుగుతుంటారు కాబట్టి గుర్తున్నంత వరకు వివరంగా రాస్తున్నాను. ఆ పల్లె పేరు మాత్రం రాయను. ఆ కుటుంబం ఇంకా అక్కడే ఉంది.

మాది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. నాన్న ఏటా రెడ్డిగూడెం వైపు రెండు మూడు తోటల కాపు కొనేవారు. నాంచారయ్య మూడు వేసవులు మా తోటకి కావలికి వచ్చాడు. చేపల వేటకి వెళ్ళని నెలల్లో నాలుగు డబ్బులు వస్తాయని అంత దూరం వచ్చేవాడు. మితభాషి. మీది ఏ ఊరు అంటే చెయ్యి దక్షిణానికి చూపించి "సముద్రం ఒడ్డునండీ" అనేవాడు. మూడో వేసవి, మే నెలలో, వడదెబ్బ తగిలి తోటలోనే పడిపోయాడు. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. అతను ఎప్పుడో ఒకసారి చెప్పిన ఊరి పేరుకి టెలిగ్రాం ఇచ్చాం, చేరలేదన్నారు. రెండు ఉత్తరాలు రాస్తే రెండూ తిరిగొచ్చాయి. ఆ ఎండల్లో మనిషిని ఉంచలేక, పోలీసులకి చెప్పి, నాన్నే దహనం చేయించారు. అతని రేకు పెట్టె మా ఇంట్లో ఉండిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత, తోటలు పూత మీదున్నప్పుడు, పక్క తోటకి ఆ తీరం మనిషే ఒకతను కావలికి వచ్చాడు. నాంచారయ్య పేరు వినగానే వాళ్ళ పల్లె తెలుసన్నాడు. మేం రాసింది వాళ్ళు పిలుచుకునే పేరట, పోస్టాఫీసులో ఉండే పేరు వేరట. కబురు నువ్వే తీసుకెళ్ళు అని నాన్న అడిగితే తల అడ్డంగా ఊపాడు. "నేను చెప్పలేనండీ. దగ్గరుండి చూసినవాళ్ళే చెప్పాలి."

నాన్న నన్ను పంపుతానన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "నేను వెళ్తాను," అంది.

"ఆ బురదలో నువ్వెందుకు? వాడు వెళ్ళొస్తాడులే."

"ఆడమనిషికి చెప్పాల్సిన మాట. వాడేం చెప్తాడండీ?"

అమ్మకి అప్పటికి యాభై దాటాయి. బయట మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. పులిహోర మూట కట్టుకుని, మరచెంబులో నీళ్ళు పోసుకుని, నాంచారయ్య జీతం కొంగున ముడేసుకుని బయల్దేరింది. పెట్టె నేను మోశాను.

నూజివీడులో తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కాం. మంచు దట్టంగా ఉండటంతో డ్రైవరు మెల్లగా నడిపాడు. బెజవాడ చేరేసరికి ఏడైంది. అక్కడి నుంచి అవనిగడ్డ బస్సు ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్తుంది, సుమారు మూడు గంటలు. అవనిగడ్డలో మళ్ళీ మారి నాగాయలంకలో దిగాం. మొత్తం బస్సు చార్జీలు మనిషికి పదిహేను రూపాయల లోపే అయ్యాయి. నాగాయలంక నుంచి కరకట్ట చివరిదాకా రిక్షా ఐదు రూపాయలు. అక్కడితో దారి అయిపోయింది. కట్ట దిగితే కనుచూపు మేర నల్లటి బురద, అక్కడక్కడ మడ చెట్లు, దూరంగా తెల్లటి గీతలా పొగమంచు.

ఆ నేల సంగతి చెప్పాలి. వానాకాలంలో అది నీళ్ళతో నిండి పడవలు తిరుగుతాయి. ఎండాకాలంలో ఎండి గట్టిపడి సైకిలు కూడా వెళ్తుంది. చలికాలంలో పడవ తేలేంత నీళ్ళుండవు, కాలు నిలిచేంత గట్టిదనమూ ఉండదు. ఆ మూడు నెలలు ఆ పల్లెకి ఉన్న ఆధారం ఒక ట్రాక్టరు. వరి చేలో దమ్ము చేసేటప్పుడు బిగించే ఇనుప చక్రాలు దానికి బిగించి ఉంటాయి. వెనక మామూలు తొట్టి కడితే దిగబడిపోతుందని, అడుగు చదునుగా ఉన్న ఒక పాత పడవని గొలుసుతో కట్టి బురద మీద లాగుతారు. మనుషులు, బియ్యం బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు, మంచినీళ్ళ పీపాలు, ఉత్తరాల సంచీ, అన్నీ ఆ పడవలోనే. మనిషికి మూడు రూపాయలు. వారానికి రెండు సార్లు, అది కూడా సముద్రం పాటు మీదున్నప్పుడే, అంటే నీరు వెనక్కి తీసినప్పుడే వెళ్తుంది. మేం చేరేసరికి పన్నెండు కావస్తోంది. సరిగ్గా బయల్దేరే వేళ.

ట్రాక్టరు నడిపే బసవయ్య నలభై ఏళ్ళ మనిషి. తలకి తువ్వాలు చుట్టుకుని పీపాలకి తాళ్ళు బిగిస్తున్నాడు.

"ఎవరింటికి అమ్మగారూ?"

"నాంచారయ్య గారింటికి," అంది అమ్మ.

అతని చేతులు ఆగాయి. నా భుజం మీది పెట్టె వైపు చూశాడు. దగ్గరికొచ్చి దాని గొళ్ళెం మీద చెయ్యి పెట్టాడు. "పోయిన యేడు ఈ పెట్టె నేనే బస్సు మీదకెక్కించానండీ." తర్వాత అమ్మ వైపు తిరిగి, "మనిషి?" అన్నాడు.

అమ్మ తల అడ్డంగా ఊపింది. పడవలో అప్పటికే కూర్చున్న నలుగురూ అది చూసి జరిగి చోటిచ్చారు. బసవయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "ఊళ్ళోకెళ్ళాక నన్ను ముందు పెద్దాయనతో మాట్లాడనివ్వండి. మీరు తిన్నగా ఆవిడ గుమ్మంలోకి వెళ్ళొద్దు," అన్నాడు.

ఏడెనిమిది మైళ్ళకి రెండున్నర గంటలు పట్టింది. ఇనుప చక్రాలు బురదని ముద్దలు ముద్దలుగా వెనక్కి చిమ్ముతుంటే, పడవ అడుగున మెత్తగా జారుతున్న చప్పుడు. సముద్రం మీంచి వచ్చే గాలి చెవుల్ని కోసింది. నూజివీడు చలి నాకు తెలుసు గానీ అది పొడి చలి. ఇది తడిసిన బట్టలోంచి ఒంట్లోకి దిగే చలి. సగం దూరంలో ఒక పాయ దగ్గర ట్రాక్టరు దిగబడింది. అందరూ దిగి పడవని నెట్టాలి. అమ్మని కూర్చోమన్నా వినలేదు. చీర మోకాళ్ళ పైకి దోపుకుని దిగింది. కిరసనాయిలు డబ్బాతో ఊరికి తిరిగి వెళ్తున్న ఒకావిడ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, "కాలు తిన్నగా పైకి లాగకండి, మడమ ముందు వదులు చెయ్యండి," అని నేర్పింది. పాయ దాటాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

పల్లెలో నలభై ఇళ్ళుంటాయేమో. అన్నీ తాటాకు కప్పులే. గట్టి కట్టడం ఒక్కటే, డెబ్బై ఏడులో వచ్చిన ఉప్పెన తర్వాత కట్టిన తుఫాను షెల్టరు. ఇసకలో వలలు ఆరేసి ఉన్నాయి. ట్రాక్టరు చప్పుడు వింటే ఊరంతా వచ్చి నీళ్ళ పీపాల దగ్గర బిందెలతో నిలబడుతుంది. ఆ రోజు కూడా వచ్చారు. బసవయ్య ఊరి పెద్దాయన్ని పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పాడు. పెద్దాయన మా వైపు నడిచి వచ్చేలోపే బిందెల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కొత్తవాళ్ళని, పెట్టెని చూశారు, అంతే.

నాంచారయ్య భార్య లంకమ్మ చేపలు కడుగుతున్న చేతుల్తోనే వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా మట్టి గాజులు. వెనక ఇద్దరు ఆడపిల్లలు. పెట్టెని చూసి ఇసకలో చతికిలబడింది. ఏడవలేదు. పెద్దాయన షెల్టరు అరుగు మీద అమ్మకి చాప వేయిస్తే, అమ్మ చాప మీద కూర్చోకుండా వెళ్ళి లంకమ్మ ఎదురుగా ఇసకలో కూర్చుంది.

"ఎప్పుడండీ?" అంది లంకమ్మ.

"మే నెల్లో. వడదెబ్బ. నువ్వెక్కడుంటావో తెలీలేదమ్మా. ఉత్తరాలు తిరిగొచ్చాయి."

"వినాయక చవితికి రాకపోయేసరికి అనుకున్నానండీ. అందరూ అనుకున్నారు. కానీ ఎవరూ చెప్పలేదు కదా." నుదుటి మీదికి చెయ్యి పోనిచ్చి, బొట్టుకి తగలకుండా ఆపేసింది. "ఎవరూ చెప్పందే ఎలా తీసేస్తానండీ?"

ఇంక చెప్పాల్సింది ఏమీ లేదనుకుని నేను పెట్టె ముందుకి జరపబోయాను. అమ్మ చేత్తో ఆపింది.

"ఇంకో మాట చెప్పాలి. ఆ రోజు మా ఆయన లారీతో వెళ్ళారు, వీడు షాపులో ఉన్నాడు. తోటలో నేనే ఉన్నాను. మధ్యాహ్నం మీ ఆయన వచ్చి తల తిరుగుతోందమ్మగారూ అన్నాడు. మజ్జిగిచ్చి, ఆ చివరి వరసలో కోతులు పడ్డాయి, ఒక్కసారి తోలొచ్చి పడుకో అన్నాను. వెళ్ళాడు. మళ్ళీ రాలేదు."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. నాన్నకీ తెలీదని తర్వాత తెలిసింది. లంకమ్మ అమ్మ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండుననిపించింది.

"అంతకుముందు యేడు కూడా తల తిరిగిందని చెప్పాడండీ," అంది చివరికి. "అక్కడి ఎండ పడట్లేదు, ఈసారి మానేస్తానన్నాడు. వల చిరిగిపోయింది, కొత్తది కొనాలి, ఈ ఒక్క యేడూ వెళ్ళి రమ్మన్నాను. నేనే పెట్టె సర్దాను."

ఆ మాటతో ఇద్దరూ ఏడ్చారు. ఊరి ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. కాసేపటికి లంకమ్మ కళ్ళు తుడుచుకుని, "నీళ్ళలో కలిపారా?" అని అడిగింది.

"బెజవాడలో కలిపాం. కృష్ణలో."

"అయితే ఇక్కడికే వచ్చుంటాడు," అని సముద్రం వైపు తిరిగింది. కృష్ణ పాయ ఒకటి ఆ పల్లె పక్కనే సముద్రంలో కలుస్తుంది. అమ్మకి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

సాయంత్రానికి పోటు లేచి బురదంతా నీళ్ళయింది. బసవయ్య రేపు పొద్దున్న గానీ కదలడం కుదరదన్నాడు. షెల్టరులో మాకు చాపలు, దుప్పట్లు తెచ్చారు. ఆ పూట ఊళ్ళో చాలా పొయ్యిలు వెలగలేదు. రెండిళ్ళలో అందరికీ వండారు. ఒకావిడ మూత పెట్టిన కుండ తెచ్చి అమ్మ ముందు పెట్టి, "కొత్త కుండండీ. చేప తగలనివ్వలేదు. ఉత్త పప్పూ అన్నం," అంది. అమ్మ వద్దనలేదు. లంకమ్మ తింటేనే తింటానంది. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, ఇద్దరూ నాలుగు ముద్దలు తిన్నారు.

తెల్లవారాక సముద్రం ఒడ్డున కార్యం చేశారు. మనిషి లేకుండా ఎలా చేస్తారని నేను పెద్దాయన్ని అడిగాను. "ఉప్పెనలో మా వాళ్ళు చాలామంది దొరకలేదు బాబూ. మాకది తెలిసిన పనే," అన్నాడు. పెట్టెలోంచి నాంచారయ్య చొక్కా తీసి ఇసక మీద పరిచి, చేతులు చాచిన మనిషిలా సర్దారు. ఒక్కొక్కరే వచ్చి గుప్పెడు బియ్యం వేశారు. అమ్మ కూడా వేసింది. గాజుల వంతు వచ్చినప్పుడు మగవాళ్ళు అటు తిరిగి నిలబడ్డారు. నేనూ తిరిగాను. వాళ్ళంతా చూస్తున్న వైపే చూశాను. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

తొమ్మిదింటికి పాటు మొదలైంది. బయల్దేరేముందు అమ్మ కొంగు ముడి విప్పి జీతం లంకమ్మ చేతిలో పెట్టి, పిల్లల్ని తీసుకుని నూజివీడు రమ్మని అడిగింది. లంకమ్మ రానంది. "ఇక్కడ మా వాళ్ళున్నారండీ. అక్కడ ఆయన పడిపోయిన చోటు ఉంటుంది," అంది. అమ్మ మళ్ళీ అడగలేదు.

తిరుగు ప్రయాణంలో అవనిగడ్డ బస్టాండులో కూర్చున్నప్పుడు, ఆ కోతుల మాట నాన్నకి ఎందుకు చెప్పలేదని అడిగాను. "ముందు ఆవిడకి చెప్పాలి. ఆవిడకంటే ముందు ఇంకెవరికి చెప్పినా, నా మనసు తేలికపడటానికే చెప్పినట్టుంటుంది," అంది. ఇంటికి చేరిన రోజే నాన్నకి చెప్పింది. ఆయన ఏమన్నారో నాకు తెలీదు. ఆ వేసవి నుంచి మా తోటల్లో ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎవరికీ పని చెప్పలేదు. కోతులు పాడు చేసిన కాయలు పాడయ్యేవి. పక్క తోటలవాళ్ళు నవ్వేవారు, నాన్న పట్టించుకోలేదు. అమ్మ మాత్రం దానితో చెల్లయిందని ఎప్పుడూ అనుకోలేదు. నాకు ఆ ప్రయాణంలో అన్నిటికంటే బాగా అర్థమైంది ఆ ఊరివాళ్ళ ఓపిక. ఎవరూ మమ్మల్ని నిలదీయలేదు, క్షమించామనీ అనలేదు. మాకు చోటిచ్చి, పక్కన కూర్చోనిచ్చారు.

చలికాలంలో ఆ తీరానికి వెళ్ళేవాళ్ళకి చెప్పేది ఒక్కటే. ఇప్పుడు రోడ్లు పడ్డాయి గానీ ఆఖరి పల్లెలకి ఇంకా పోటుపాట్లు చూసుకునే వెళ్ళాలి. నాగాయలంకలో వేటకి వెళ్ళేవాళ్ళని నీటి వేళలు అడిగి కదలండి, అదే రోజు తిరిగి వచ్చేయాలని మాత్రం పెట్టుకోకండి. మేం పడవెక్కినప్పుడు సాయంత్రానికి మళ్ళీ కట్ట దగ్గరికి వచ్చేయాలనే అనుకున్నాం. పోటు ఆపింది కాబట్టి ఉండిపోయాం. లేకపోతే ఆవిడ చేతిలో పెట్టె పెట్టి, వార్త చెప్పి, వచ్చేసి ఉండేవాళ్ళం.