గాజు కాళ్ల రెయిడర్

కొత్త జిల్లాలు వచ్చిన ఏడు, వేసవి సెలవుల ముందు, కుప్పంలో జరిగే బాలికల కబడ్డీ ఎంపికలకు నన్ను ఫిట్‌నెస్ కమిటీ సభ్యురాలిగా వేశారు. అప్పటికి నేను మదనపల్లెలో ప్రభుత్వ సర్వీసులో సీనియర్ ఫిజియోథెరపిస్టును. కమిటీలో ముగ్గురం. అధ్యక్షుడు ఎముకల డాక్టరు. ఆట చూసేది కోచ్ ఖాదర్ బాషా గారు. కీళ్లూ కండరాలూ చూసేది నేను. ఎంపికైన పిల్లలకు క్రీడా హాస్టల్లో సీటు, తిండి, చదువు అన్నీ ఉచితం. ఆ తర్వాత స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి దొరుకుతుంది. అందుకే ఆ మైదానంలో పిల్లల కంటే వాళ్ల తల్లులకే కంగారు ఎక్కువ.

మిగతా సీట్లు భోజనాల లోపే తేలిపోయాయి. చివరి సీటు దగ్గర ఆగాం. పుంగనూరు పక్కనుంచి వచ్చిన మునిలక్ష్మి రెయిడర్, అంటే కూత పెడుతూ అవతలి జట్టులోకి దూరి, తాకి వచ్చే మనిషి. ఆమె కూతకు వెళ్తే ఎదుటి జట్టంతా వెనక్కి జరగడం కళ్లారా చూశాను. అయినా బాషా గారు తల అడ్డంగా ఊపారు. ఆయన మంచి కోచ్, నోరే కాస్త దురుసు.

"నా కాలేజీ టీములో పిల్లే మేడం, నాకు తెల్దా? అవి గాజు కాళ్లు. ముఖ్యమైన మ్యాచ్ వస్తే సాలు, కాలు పట్టుకోని కూసుంటాది" అన్నారు. అదే టీములో ఒక్క దెబ్బా తగలని ఇంకో అమ్మాయి ఉంది, ఆమెను తీసుకుందామన్నారు. డాక్టరు గారూ అటే మొగ్గారు. 'తరచు గాయపడే క్రీడాకారిణి' అని మేము రాస్తే ఆ మాట ఇక పిల్లను వదలదు. ఏ ఎంపికకు వెళ్లినా ఆమె కంటే ముందు అదే వెళ్తుంది.

పరీక్షించకుండా సంతకం పెట్టనన్నాను. ఈ 'గాజు కాళ్లు' అనే మాట వింటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. అలాంటి శరీరాలు లేవని కాదు. కొందరికి కీళ్లు పుట్టుకతోనే మరీ వదులు. వాళ్లకు ఒకసారి భుజం, ఒకసారి మోకాలు, ఇంకోసారి వేలు, చిన్న కారణానికే చెడుతుంటాయి. మునిలక్ష్మి కీళ్లు గట్టిగా ఉన్నాయి. దెబ్బలన్నీ కుడి చీలమండకే. అది మడత పడటం, వాపు తగ్గగానే ఆడటం, మళ్లీ మడత పడటం. ఒంటికాలి మీద నిలబడమంటే ఎడమ కాలి మీద కదలకుండా నిలబడింది, కుడి కాలి మీద ఊగిపోయింది. బాషా గారు చాలా గాయాలు అనుకున్నది నిజానికి మానని ఒకే గాయం.

ఎందుకు మానలేదన్నదే మిగిలిన ప్రశ్న. కాలేజీ మ్యాచ్‌లు ముగిసి చాన్నాళ్లయింది. అయినా మోచేతుల మీద పచ్చిగా గీరుకున్న గుర్తులున్నాయి. "ఇవి యాడివమ్మా?" అని అడిగితే తల వంచుకుంది. వాళ్లమ్మ అంగన్‌వాడీ టీచరు, కాస్త దూరంలో నిలబడి వింటోంది. "సెప్పు పాపా, దాసిపెట్టి ఏం సేస్తావు?" అంది.

జాతర ఆటల్లో తగిలినవని అప్పుడు చెప్పింది. మా వైపు జాతర టోర్నమెంట్లలో బయటి ఆటగాళ్లను దించనివ్వరు. కానీ ఆ ఊరితో చుట్టరికం ఉన్న పిల్లయితే ఎవరూ అడ్డు చెప్పరు. "నాయిన ఊరికి ఆడాల కదా మేడం. అమ్మోళ్లది వి.కోట, ఆడ మామ ఊరుకోడు. అక్కను రామకుప్పం ఇచ్చినారు, బావ బండేసుకోని వచ్చేస్తాడు. ఒకూరికి ఆడి ఇంకోవూరికి లేదంటే అలుగుతారు" అంది మునిలక్ష్మి. రామకుప్పం దగ్గర ఏనుగులు రాగి చేలల్లో పడిన వారం కూడా బావ ఆటకు తీసుకెళ్లాడట.

బాషా గారికి కాలేజీ ఆటలే తెలుసు. మామకు తన ఊరి ఆట, బావకు తన ఊరి ఆట. అన్నీ కలిపి తెలిసింది ఆ చీలమండకు ఒక్కదానికే. నేను బాషా గారిని ఒక్కటే అడిగాను, ఆ దెబ్బ తగలని అమ్మాయి కోర్టులోకి ఎన్నిసార్లు దిగిందని. ఆయన గడ్డం గోక్కుని, "సబ్‌స్టిట్యూట్ కదా మేడం, ఎప్పుడూ బెంచీ మీదే ఉంటాది" అని నవ్వేశారు. ఆ నవ్వుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. అందరూ అంత తేలిగ్గా ఒప్పుకోరు.

డాక్టరు గారు షరతు మీద దిగొచ్చారు. వానాకాలం వెళ్లేదాకా కాలికి వ్యాయామం, ఒక్క మ్యాచ్ కూడా ఆడకూడదు, తర్వాత మళ్లీ పరీక్ష. నెగ్గకపోతే సీటు ఆ రెండో అమ్మాయికి. న్యాయమైన షరతే. మూడూళ్ల వాళ్లకు నచ్చజెప్పే పని మాత్రం నా నెత్తిన పడింది. తండ్రినీ, మామనూ, బావనూ మదనపల్లెకు పిలిపించాను. బావకు కోపమొచ్చింది. "మా ఇంటి పిల్లను మేం ఆడించుకోకూడదా మేడం?" అన్నాడు.

"ఆడించుకోండప్పా. మీరు ముగ్గురుండారు, కుడికాలు ఒకటే ఉండాది. అది ఎవురిదో మీరే తేల్చుకోని రాండి" అన్నాను.

మామ ముందు నవ్వాడు. బావ కాస్త ఆలస్యంగా నవ్వాడు. తర్వాత వారం వారం ఆ పిల్లను వ్యాయామానికి బండి మీద దించిపోయింది ఆ బావే.

పరీక్ష నెగ్గింది, సీటు నిలిచింది. మరుసటి ఏడు హాస్టల్ జట్టుకు ఆడుతూ భుజం నొప్పితో ఒక మ్యాచ్ ఆడకుండా కూర్చుంది కూడా. బాషా గారే ఫోన్ చేసి, "మిగతావన్నీ ఆ పిల్లే ఆడింది మేడం, తగలకుండా యాడ పోతాది?" అన్నారు. ఆ మాటకు నేను పడిన సంతోషం ఇంతా అంతా కాదు.

రిటైరయ్యాక కూడా కోచ్‌లు నన్ను అడుగుతుంటారు, ఫలానా ఆటగాడు గాయాల మనిషేనా అని. ఎంత ఆడాడు, ఎవరెవరికి ఆడాడు, దెబ్బ ఎంత మానాక మళ్లీ దిగాడు అన్నవి ముందు కనుక్కుంటాను. అవి తెలిశాక కూడా గాయాలు ఎక్కువే అనిపిస్తే అప్పుడు శరీరాన్ని అనుమానిస్తాను. అలా అనుమానించాల్సినవాళ్లు నా సర్వీసులో కొద్దిమందే తగిలారు. మిగతావాళ్లు పిలిస్తే కాదనలేక ఆడినవాళ్లు.