తక్కువకొచ్చిన బోటు

అశ్వినికి ఈత నేర్పింది వాళ్ళ నాయన పాపన్న. శింగనమల దగ్గరి పల్లెలో వాళ్ళకొక దిగుడుబావి ఉండేది. వీపుకు బెండ్లు కట్టి అందులోకి దింపేవాడు. ఆమె హైస్కూలుకు వచ్చేసరికి చుట్టూ బోర్లు పడి బావి అడుగున బురద మిగిలింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమెకు ఈదడానికి నీళ్ళే దొరకలేదు.

లెక్కల టీచరుగా మాల్దీవులకు వెళ్ళాక దొరికాయి. ఆమె బడి ఉన్న చిన్న దీవిలో ఏ వీధి చివర నిలబడినా సముద్రమే. తోటి టీచరు తమ్ముడి దగ్గర స్కూబా డైవింగు నేర్చుకుంది. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని నీటి అడుగున తిరగడం అలవాటయ్యాక, ఆమెకు ఒకటే కోరిక. వారం పాటు సఫారీ బోటులో వెళ్ళాలి. తిండీ నిద్రా ఆ బోటులోనే. దీవుల మధ్య తిరుగుతూ, మంచి చోటల్లా ఆగి మునగొచ్చు.

2007 డిసెంబరు సెలవులకు అనంతపురం వచ్చినప్పుడు ఈ మాట తన అన్న కేశవతో చెప్పింది. కేశవకు రాప్తాడులో వేరుశనగ వ్యాపారం. ఆ ఏడాది పంట అంతంత మాత్రం, అంగట్లో పని లేదు.

"నేనూ వస్తా," అన్నాడు. "మునిగేది నా చేత కాదులే. బోటులో కూర్చుంటా. బేరం మాత్రం నాకిడువు."

ఇద్దరూ రోజూ టవర్ క్లాక్ దగ్గరి నెట్ సెంటర్‌కు వెళ్ళేవాళ్ళు. ఒక బోటు ఫొటో పైనుంచి సగం దాకా వచ్చేసరికి కరెంటు పోయేది. వచ్చాక మళ్ళీ మొదటినుంచి. ఆమె అన్ని బోట్లవాళ్ళకూ ఒకే ప్రశ్నలు రాసింది. ఒక గైడు వెంట ఎంతమందిని దింపుతారు? సిలిండర్లలో గాలి నింపే కంప్రెసరును ఎప్పుడు సర్వీసు చేయించారు? ఎవరికైనా ఏదైనా అయితే బోటులో ఆక్సిజన్ ఉందా? కేశవ చెప్పి రాయించింది ఒకటే: ఎంత తగ్గిస్తారు?

చివరికి రెండు బోట్లు మిగిలాయి. ఒక బోటువాళ్ళు ఆమె ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబులు రాసి, ధర మాత్రం తగ్గదన్నారు. రెండో బోటువాళ్ళు ప్రశ్నల జోలికి పోకుండా అడిగినదానికంటే ఎక్కువే తగ్గించారు.

"చూడు, అడిగిన వెంటనే తగ్గించినారు," అన్నాడు కేశవ. "ఆ ఇంకోడికి పొగరుండాది."

"తగ్గించినారు సరే, నేనడిగిన దానికి జవాబు యాడ చెప్పినారు? వీళ్ళకు మాస్కు అద్దె వేరే, మునిగే డ్రస్సుకు వేరే, పన్ను వేరే, ఎయిర్‌పోర్టు నుంచి తీసకపోయేదానికి వేరే. అన్నీ కలిపితే రెండూ దగ్గర దగ్గరగానే ఉండాయి. పొగరున్నోడి ధరలో అవన్నీ చేరినాయి."

"ఆడికి పోయినాంక మాట్లాడుకుందాంలేమ్మా. యాపారం నాకు తెలీదా?"

ఆమె కాగితం మీద లెక్క వేసి చూపించబోయింది. మళ్ళీ కరెంటు పోయింది. చీకట్లో, ఆ ఇరుకు గదిలో, పక్క కుర్చీలో అన్న పట్టు వదలకుండా మాట్లాడుతూనే ఉంటే ఆమెకు విసుగు పుట్టింది. "సరే, నీ ఇష్టం," అంది. ఆ మాట అన్నందుకు తర్వాత తన మీద తనకే ఎన్నిసార్లు కోపం వచ్చిందో లెక్కలేదు.

సెలవుల చివరి వారం మాల్దీవుల రాజధాని మాలే రేవులో వాళ్ళకోసం ఆగి ఉన్నది ఫొటోలో చూసిన బోటు కాదు. అది రిపేరులో ఉందనీ, ఇదీ అలాంటిదేననీ కెప్టెన్ చెప్పాడు. వాళ్ళ గది ఇంజను పక్కనే. కేశవ గోడ తట్టి చూసి, "గట్టిగానే ఉండాది," అన్నాడు.

రెండో రోజు పొద్దున నీళ్ళలోకి దిగాక నోట్లోకి వచ్చే గాలి డీజిలు వాసన కొట్టింది. మొదట తన భ్రమ అనుకుంది. కొంచెం లోపలికి పోయాక కణతలు పగిలిపోతున్నట్లయింది. గైడుకు సైగ చేసి మెల్లగా పైకి వచ్చి, బోటు అంచు పట్టుకుని వాంతి చేసుకుంది. తర్వాత వెళ్ళి చూస్తే కంప్రెసరు గాలి పీల్చుకునే గొట్టం జనరేటరు పొగ పక్కనే ఉంది. ఆ సంగతి చెబితే, మిగతావాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదన్నాడు కెప్టెన్.

"దుడ్లు తిరిగియ్యమను," అన్నాడు కేశవ, ఆమె వెనక నిలబడి. "ఇంగ్లీషులో గట్టిగా చెప్పు."

"నువ్వు కూర్చోన్నా."

ఆ మధ్యాహ్నం బోటులోని ఒక జర్మన్ జంటకూ తలనొప్పి వచ్చింది. అప్పుడు గొట్టాన్ని బోటు ముందువైపుకు మార్చారు. పాత గాలిని వదిలి సిలిండర్లన్నీ మళ్ళీ నింపడానికి మర్నాడంతా పట్టింది. ఈలోగా గాలివాన మొదలైంది. ఈ బోటు ఇంజను ఆ అలలకు ఎదురు పోలేదట. ఒక దీవి చాటున లంగరు వేసి, మసక నీళ్ళలో రెండుసార్లు మునగనిచ్చారు. ఇసుక తప్ప ఏమీ కనబడలేదు.

వాన తెరిపిచ్చాక పెద్ద తెల్ల బోటొకటి వచ్చి పక్కన ఆగింది. దాని మీద తడి బట్టలతో మనుషులు చేతులు బార్లా చాపి, తాము చూసిన మాంటా అనే పెద్ద రెక్కల చేపల వెడల్పు ఒకరికొకరు చూపించుకుంటున్నారు. కేశవ ఆ బోటు పేరు చదివాడు.

"అశ్వినీ, మనం వద్దన్నింది ఇదేనా?"

"ఇదే."

అతను గదిలోకి వెళ్ళి పడుకున్నాడు. రాత్రి అన్నానికి కూడా లేవలేదు. వెళ్ళి లేపాలని ఆమెకూ అనిపించలేదు.

బడి ఉన్న దీవికి తిరిగి వచ్చాక జరిగిందంతా బోటువాళ్ళకు రాసింది. డబ్బు వెనక్కి రాదనీ, మరోసారి వస్తే సగం ధరకే తీసుకెళ్తామనీ జవాబు వచ్చింది. కేశవ రాప్తాడు నుంచి ఫోన్ చేసినప్పుడు ఆ సంగతి చెప్పింది.

"సగమంటే... మంచి బేరమే కదమ్మా," అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసింది. నెల రోజులు అన్నతో మాట్లాడలేదు. మరుసటి ఏడాది ఆ తెల్ల బోటులో మూడు రోజులకే చోటు తీసుకుంది, అంతకు మించి తన జీతానికి తూగలేదు. ఎవరినీ సలహా అడగలేదు. ఆ మూడు రోజుల్లో మాంటా ఒక్కటీ రాలేదు. ఏ చేపలు చూశావని ఇంట్లో అడిగితే, "శానా చూసినాలే," అనేసి మాట మార్చింది.